ముందు అద్దానికి రాయి తగిలితే...

కారు సంరక్షణపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: విజయవాడ హైవే మీద కంకర టిప్పర్ వెనక వస్తుంటే చిన్న రాయి ఎగిరొచ్చి ముందు అద్దానికి తగిలింది. శనగగింజంత పెచ్చు లేచి, చుట్టూ మూడు నాలుగు సన్న గీతలు పడ్డాయి. అద్దం మార్చాల్సిందేనా? పండగ దాకా ఆగితే పరవాలేదా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మార్చక్కర్లేదండీ. ఆగడం మాత్రం వద్దు. ముందు ఇవాళే ఆ చోట పారదర్శకంగా ఉండే సెల్లోటేపు ముక్క అంటించండి. వేలితో తడమొద్దు, తడిగుడ్డతో తుడవొద్దు, రిపేరయ్యే దాకా కారు కడిగించొద్దు. నీళ్లు, దుమ్ము, షాంపూ ఆ గీతల్లోకి దిగితే తర్వాత పోసే రెజిన్ (పగులును నింపి గట్టిపడే జిగురులాంటి ద్రవం) లోపలిదాకా వెళ్లదు. వెళ్లినా మచ్చ అలాగే ఉండిపోతుంది.

ముందు అద్దం ఒకటే పలక కాదు. దాదాపు రెండేసి మిల్లీమీటర్ల మందమున్న రెండు గాజు పలకల మధ్య 0.76 మిల్లీమీటర్ల పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. మీ కారుకు పైపలకకే దెబ్బ తగిలినట్టుంది. లోపలివైపు గోటితో గీరి చూడండి. నున్నగా ఉంటే రిపేరుకు పనికొస్తుంది. లోపలి పలక కూడా చిట్లినా, దెబ్బ అద్దం అంచుకు నాలుగైదు సెంటీమీటర్ల లోపు ఉన్నా, సరిగ్గా డ్రైవరు కళ్లకు ఎదురుగా ఉన్నా మార్చడమే మంచిది. పెచ్చు రూపాయి బిళ్లకంటే పెద్దదైతే రిపేరు నిలుస్తుందని నమ్మలేం.

రిపేరు అరగంట పని. పొడిగాజు రేణువులను సూదితో తీసేసి, పెచ్చు మీద చిన్న ఇంజెక్టర్ బిగిస్తారు. ముందు లోపలి గాలి లాగేసి, తర్వాత ఒత్తిడితో రెజిన్ ఎక్కిస్తారు. ఈ రెండూ ఒకటికి రెండుసార్లు చేస్తేనే గీతల కొసలదాకా నిండుతుంది. అద్దం లోపలివైపు నుంచి చూస్తే గీతలు నల్లగా మెరవడం ఆగిపోవాలి. అప్పుడే అతినీలలోహిత దీపం పెట్టి గట్టిపరచాలి. చివర పైన మిగిలింది బ్లేడుతో గీకేసి పాలిష్ పెడతారు. ‘అయిపోయింది, తీసుకెళ్లండి’ అనేలోపు మీరే వంగి ఆ గీతల కొసలు చూసుకోండి. ఎక్కువ రిపేర్లు చెడేది అక్కడే. సన్నటి మచ్చ కొద్దిగా మిగులుతుంది, దానికి కంగారు పడొద్దు. రిపేరు ఉద్దేశం పగులు పాకకుండా ఆపడం.

ఆన్‌లైన్లో దొరికే కిట్‌తో ఇంట్లో చేసుకునేవాళ్లు నీడలోనే పని మొదలుపెట్టాలి. ఎండ తగిలితే రెజిన్ గీతల్లోకి దిగకముందే గట్టిపడుతుంది. అద్దం వేడిగా ఉన్నా పని చెడుతుంది. ఫెవిక్విక్ లాంటివి పోస్తే మాత్రం ఆ తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

ప్రశ్న: మా దారిలో క్వారీ లారీలు ఎక్కువ. వాటికి ఎంత దూరంలో ఉంటే రాళ్ల బెడద తప్పుతుంది?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: రాళ్లు లోడు నుంచి మాత్రమే రాలవు. వెనక జంట టైర్ల మధ్య ఇరుక్కున్న కంకర వేగం పెరిగినప్పుడు ఊడి ఎగురుతుంది. అందుకే ఖాళీ టిప్పర్‌ని కూడా నమ్మొద్దు. ముందు లారీ ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టండి. మీరు అక్కడికి చేరేసరికి ఐదు సెకన్లు పట్టాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది, అంటే దాదాపు 110 మీటర్ల ఎడం. ఎగిరిన రాయి మీ కారు చేరేలోపే రోడ్డు మీద పడిపోవడానికి అంత చోటు కావాలి.

దెబ్బ బలం వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళితే అదే రాయి ఒకటిన్నర రెట్లు గట్టిగా తగులుతుంది. కొత్తగా కంకర చిప్స్ పరిచిన రోడ్డు మీద 40 దాటొద్దు. ఎదురుగా వచ్చే బండి ఉన్నప్పుడు రెండు వేగాలూ కలుస్తాయి కాబట్టి ఇంకా తగ్గించండి. లారీని దాటాలంటే తిన్నగా దాటేయండి, టైర్ల పక్కన ఊగిసలాడుతూ ఉండిపోవద్దు.

ప్రశ్న: గాజుకు సిరామిక్ కోటింగ్ వేయిస్తే రాళ్లు తగలవంటున్నారు. అలాగే అద్దం పైన అంటించే పారదర్శక ఫిల్మ్ కూడా ఉందట. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కోటింగ్ వానచుక్కలు జారిపోవడానికి పనికొస్తుంది. మైక్రాన్ల మందమైనా లేని ఆ పూత రాయిని ఆపుతుందని ఎవరైనా అమ్మజూపితే డబ్బు దాచుకోండి. బయటివైపు అంటించే ఫిల్మ్ మాత్రం చిన్న రాళ్ల దెబ్బను కొంత మింగుతుంది. కానీ వైపర్లు దాన్ని గీస్తూనే ఉంటాయి. కొన్నాళ్లకు మసకబారి రాత్రి ఎదురు లైట్లు చెదిరి కనిపిస్తాయి, అప్పుడు పీకేసి కొత్తది వేయాలి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం కాంతి రావాలి. రంగున్న ఫిల్మ్ ఆలోచన పెట్టుకోవద్దు. రోజూ క్వారీ రోడ్డులో తిరిగేవాళ్లకు తప్ప మామూలు వాడకానికి ఈ ఖర్చు దండగే అని మా అభిప్రాయం.

ప్రశ్న: మే నెల ఎండలో ఆగి ఉన్న కారులో ఏసీ వేశాక అద్దం కింది మూల నుంచి జానెడు బీట పాకింది. రాయేమీ తగల్లేదు.
– ఒక పాఠకురాలు, రెంటచింతల

జవాబు: బాల్‌పెన్ మొన బీట పొడవునా నెమ్మదిగా నడపండి. ఎక్కడైనా చిన్న గుంటలో తట్టుకుంటే అక్కడ ఎప్పుడో రాయి తగిలిందన్నమాట. వేడికి అదే పాకింది. ఎక్కడా తట్టుకోకపోతే ఒత్తిడి వల్ల వచ్చిన బీట. అద్దం కింద ఫ్రేమ్ తుప్పుపట్టడమో, అద్దం సరిగా కూర్చోబెట్టకపోవడమో కారణం కావచ్చు. ఆ లోపం సరిచేయకుండా కొత్తది బిగిస్తే అదీ చిట్లుతుంది. జానెడు పాకి అంచుకు చేరింది కాబట్టి రిపేరు కుదరదు.

ఇకముందు ఎండలో ఆగిన కారెక్కగానే కిటికీలు రెండు నిమిషాలు తెరిచి ఉంచండి, ఏసీ గాలిని మొదట కాళ్ల వైపు వదలండి, కాస్త చల్లబడ్డాక అద్దం వైపు తిప్పండి. కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోయడం అన్నిటికంటే చేటు.

ప్రశ్న: అద్దం మార్చితే బీమా వస్తుందా? బిగించాక ఏం జాగ్రత్తలు?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే రాదు. సొంత నష్టం కవర్ ఉంటే వస్తుంది. గాజు భాగాలకు తరుగు కోత (పాతబడినందుకు తగ్గించే మొత్తం) లేదు, రబ్బరు బీడింగ్‌కు మాత్రం 50 శాతం కోస్తారు. ఇంజన్ 1500 సీసీ వరకు ఉంటే 1000 రూపాయలు, ఆపైన ఉంటే 2000 మీరు భరించాలి. క్లెయిమ్ చేస్తే 20 నుంచి 50 శాతం దాకా ఉండే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోవచ్చు, అద్దాల క్లెయిమ్‌కు మీ పాలసీలో మినహాయింపు ఉందేమో ముందే అడగండి. అద్దం ఊడదీయకముందే కంపెనీకి చెప్పి ఫోటోలు తీయించండి.

కొత్త అద్దం మీద ఐఎస్ 2553 (భద్రతా గాజుకు భారతీయ ప్రమాణం) గుర్తు చూడండి. జిగురు ఆరడానికి షాపువాళ్లు చెప్పిన గంటలు గడిచేదాకా కారు కదపొద్దు. మొదటి రోజు ఒక కిటికీ వేలెడు తెరిచి ఉంచండి, లేదంటే డోర్ వేసినప్పుడల్లా లోపలి గాలి జిగురును నెడుతుంది. రెండు రోజులు ప్రెషర్ వాష్ వద్దు. అద్దం వెనక కెమెరా ఉన్న కారైతే దాన్ని మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి, అంటే సరిగ్గా చూసేలా సరిచేయించాలి. అలా చేయించకపోతే లేన్, బ్రేక్ హెచ్చరికలు తప్పుతాయి.

ప్రశ్న: చలికాలం పొద్దున్నే అద్దం మీద మంచు పేరుకుంటుంది. వేడినీళ్లు పోయొచ్చా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: పోయొద్దమ్మా. కంటికి కనబడని పెచ్చు ఉన్నా ఆ ఒక్క చెంబుకే అడ్డంగా చీలుతుంది. డీఫ్రాస్టర్ (అద్దం మీదికి వేడిగాలి వదిలే ఏర్పాటు) తక్కువ వేడితో మొదలుపెట్టి పెంచుతూ, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకండి. మంచుకు అతుక్కున్న వైపర్లు పూర్తిగా వదిలేదాకా స్విచ్ వేయొద్దు.