ఏ సర్వర్‌లో చేరాలని అడిగావు కదా

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ట్విట్టర్ లాంటి మాస్టొడాన్‌లో చేరబోతే ముందు సర్వర్ (నీ ఖాతా ఉండే చోటు) ఎంచుకోమంటోందనీ, అక్కడే ఆగిపోయాననీ రాశావు. అందరూ ఆగేది అక్కడే.

నీది జీమెయిల్, మీ ఆఫీసుది వేరే మెయిల్. అయినా ఉత్తరం ఇటు నుంచి అటు వెళ్తోందిగా? ఇదీ అంతే. 2016లో యూజెన్ రోచ్కో జర్మనీలో దీన్ని తయారుచేసి కోడ్ అందరికీ వదిలేశాడు. ఎవరైనా సొంతంగా సర్వర్ పెట్టుకోవచ్చు. అవి మాట్లాడుకునే భాష యాక్టివిటీపబ్. అందుకే ఇక్కడ నీ చిరునామాలో నీ పేరుతో పాటు సర్వర్ పేరూ ఉంటుంది.

"వికేంద్రీకరణ అంటే ఎవరి పెత్తనమూ ఉండదు" అని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. అది సగమే నిజం. మొత్తానికి ఒక్క యజమాని లేడు గానీ, నీ సర్వర్‌కు ఉన్నాడమ్మా. రూల్సు అతనివే. ఏదైనా సర్వర్ నచ్చక దానితో సంబంధం తెంపేశాడంటే అక్కడున్న నీ స్నేహితులు నీకు కనపడరు. ప్రైవేటుగా పంపే మెసేజీలు కూడా అతను చూడాలనుకుంటే చూడగలడు. ఇంటి గొడవలు, బ్యాంకు వివరాలు అక్కడ రాయకు.

2022 చివర్లో ట్విట్టర్ చేతులు మారాక జనం గుంపులుగా ఇటొచ్చారు. ఆ గుంపులో నేనూ ఉన్నాను. ఒకాయన సొంత డబ్బుతో నడిపే చిన్న సర్వర్‌లో చేరాను. ఒకరోజు పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని తెరిస్తే పేజీ రాలేదు. మర్నాడూ రాలేదు. పెరట్లో దొండపాదు మీద నేను రాసుకున్నవన్నీ పోయాయి. ముందే తెలిస్తే ఖాతా వేరేచోటికి మార్చుకునేవాణ్ణి, ఫాలోవర్లు వెంట వచ్చేవారు. (పాత పోస్టులు ఎలాగూ రావు, అదో బాధ.) కానీ మారాలంటే పాత సర్వర్ బతికుండాలిగా! ఆయన్ని ఏమనగలను, నేనొక్క రూపాయైనా ఇచ్చానా?

కాబట్టి మాస్టొడాన్ అధికారిక సైట్‌లోని జాబితా నుంచే ఎంచుకో. అందులో ఉండాలంటే రోజూ బ్యాకప్ తీస్తామనీ, అత్యవసరంలో చూసుకోవడానికి ఇంకొకరు ఉంటారనీ, మూసేస్తే కనీసం 3 నెలల ముందు చెబుతామనీ ఒప్పుకోవాలి. ఖర్చులకు చందా అడిగితే ఎంతోకొంత ఇవ్వు. నువ్వు ఫాలో అయ్యేవాళ్ల జాబితా అప్పుడప్పుడు దించి దాచుకో. పోస్టుల ఆర్కైవ్ 7 రోజులకోసారి అడగొచ్చు, అదీ మానకు.

చేరాక చిరునామా పంపు, సర్వర్ పేరుతో సహా. ఉట్టి పేరు పంపితే నిన్నెక్కడని వెతకను?

మీ మావయ్య