ట్రాలీ ఖాళీ సరే, రాత్రి ఏం జరిగింది?

ప్రశ్న: మాది 30 పడకల వార్డు. పొద్దున 8కి డ్యూటీ ఎక్కేసరికి ట్రాలీలో ఐవీ సెట్లు (సెలైన్ ఎక్కించే గొట్టాలు) ఉండవు, రోగి ఒంట్లోకి వెళ్లిన ద్రవాలు, బయటికి వచ్చినవి లెక్క రాసే ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు సగమే రాసి ఉంటుంది. అడిగితే నైట్ సిస్టర్లు 'ఒక్క రాత్రి చేసి చూడండి, తెలుస్తుంది' అంటారు. మాటలు కూడా తగ్గిపోయాయి. ఇన్‌చార్జ్ సిస్టర్‌కు చెప్పేయమంటారా?
– స్టాఫ్ నర్సు, గుంటూరు

జవాబు: వారం ఆగండి. మీరు చూస్తున్నది 8 గంటల ట్రాలీని. వాళ్లు చూసింది 12 గంటల రాత్రిని. ఎదుటివాళ్లు చేసినదానికి వాళ్ల గుణం, మనం చేసినదానికి పరిస్థితి కారణంగా కనిపిస్తాయని జోన్స్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు 1971లో రాశారు. ఇది అన్నిచోట్లా నిలబడదని తర్వాత తేలింది. కానీ తప్పు జరిగినచోట మాత్రం బాగానే కనిపిస్తుంది. మీ వార్డులో జరుగుతున్నదీ అదే.

ఒక నోటుబుక్కులో రెండు గడులు గీయండి: 'చూసింది', 'అనుకున్నది'. 'ఐవీ సెట్లు 6 ఉండాలి, 1 ఉంది' అన్నది మొదటి గడిలోకి వెళ్తుంది. 'బద్ధకం' రెండో గడిలోకి. పక్కనే రాత్రి ఎన్ని అడ్మిషన్లు వచ్చాయో, డ్యూటీలో ఎంతమంది ఉన్నారో రాయండి. అది అడ్మిషన్ రిజిస్టరులో, డ్యూటీ రోస్టరులో దొరుకుతుంది. 7 రోజులయ్యాక చూసుకోండి. అడ్మిషన్లు ఎక్కువైన రాత్రులే ట్రాలీ ఖాళీ అవుతుంటే మనుషుల తప్పు కాదు, సరుకుది. స్టోరు సాయంత్రమే మూసేస్తే అర్ధరాత్రి ఇండెంట్ (సరుకు కావాలని స్టోరుకు రాసే చీటీ) పెట్టినా ఇచ్చేవాళ్లుండరు. అలాంటప్పుడు ఈవెనింగ్ డ్యూటీవాళ్లు 7 గంటలకల్లా ట్రాలీ నింపి పెట్టాలి. తీరికైన రాత్రి కూడా ఖాళీగానే ఉండి, అదీ ఒకే మనిషి డ్యూటీలో అయితే, ఆ మనిషితో విడిగా మాట్లాడాలి.

మాట్లాడటానికి పొద్దున 8 పనికిరాదు. రాత్రంతా నిలబడ్డ మనిషికి బస్సు తప్ప ఏదీ కనబడదు. సాయంత్రం డ్యూటీకి వచ్చినప్పుడు కదపండి. 'ఎందుకు నింపలేదు' అంటే సంజాయిషీ వస్తుంది. 'పొద్దున ఒక్క సెట్టే ఉంది, రాత్రి ఏమైంది?' అంటే సంగతి వస్తుంది.

ఖాళీ ట్రాలీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. రాతలో మాట తీరు అందదు. 2005లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, తమ ఈమెయిల్‌లో ఉన్నది వెటకారమో నిజమో చదివేవాళ్లు 78 శాతం సార్లు గుర్తుపడతారని రాసినవాళ్లు అనుకున్నారు. గుర్తుపట్టింది 56 శాతమే. బొమ్మా బొరుసూ వేసినా ఇంచుమించు అంతే వచ్చేది.

ట్రాలీకి ఒక కార్డు కట్టి ఒక్కో వస్తువు కనీసం ఎన్ని ఉండాలో రాయండి. హ్యాండోవర్‌లో దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ కలిసి లెక్కపెట్టాలి. లెక్కపెట్టకుండా సంతకాలు పడటం మొదలైన రోజున ఆ కార్డు పని అయిపోయినట్టే. ఇన్‌చార్జ్ దగ్గరకు వెళ్లాల్సి వస్తే ఈ 7 రోజుల లెక్కతో, ఇండెంట్ వేళ మార్చమని వెళ్లండి.

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగస్థులమే. 'ఇంటిపని సగం నేనే చేస్తున్నా' అంటారు మావారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియదు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆయన అబద్ధమాడుతున్నారని అనుకోకండి. రాస్, సికోలీ అనే మనస్తత్వవేత్తల 1979 పరిశోధనలో దంపతులను విడివిడిగా ఒక్కో పని చెప్పి 'ఇందులో మీ వంతు ఎంత' అని అడిగితే, ఎక్కువ జంటల్లో రెండు అంకెలూ కలిపి వంద దాటాయి. తమాషా ఏమిటంటే, గొడవ మొదలుపెట్టడంలాంటి వాటిలోనూ తమ వంతే ఎక్కువ చెప్పుకున్నారు. కాబట్టి దీన్నంతా గొప్పలకే కట్టలేం. ఎవరు చేసింది వాళ్లకు బాగా గుర్తుంటుంది.

పనుల పట్టీ రాసి, ఒకరిది ఒకరు చూడకుండా ఎవరి శాతం వాళ్లు వేయండి. అందులో చేసే పనులతోపాటు గుర్తుపెట్టుకునే పనులు కూడా ఉండాలి: గ్యాస్ బుకింగ్, స్కూలు ఫీజు గడువు, పాల లెక్క, అత్తగారి బీపీ మాత్రలు. గొడవంతా సాధారణంగా ఇక్కడే దాగి ఉంటుంది. తర్వాత రెండు పనులు మొత్తంగా ఆయనకు అప్పజెప్పండి. మాత్రలంటే మందులషాపుకు వెళ్లిరావడం ఒక్కటే కాదు, స్ట్రిప్‌లో ఐదే మిగిలాయని చూసుకోవడం కూడా. మొదటి నెల ఒకసారి మరిచిపోవచ్చు. నోరు నొక్కుకుని ఊరుకోవడం కష్టమే. మీరు గుర్తుచేస్తే ఆ పని మళ్లీ మీ ఖాతాలోకే వస్తుంది. మరీ ఆగిపోతే ప్రమాదం కాబట్టి, ఒక స్ట్రిప్ మాత్రం విడిగా దాచి ఉంచండి.