టికెట్ ఉన్నా విమానం ఎక్కనివ్వకపోతే ముందుగా చూసుకోవలసినది

గాజువాక నుంచి బయల్దేరి కౌంటర్ మూసేవేళకు చాలా ముందే విశాఖ విమానాశ్రయానికి చేరిన మీ నాన్నగారిని సీట్లు నిండిపోయాయని ఆపేశారనీ, మర్నాటి విమానంలో సీటుతో పాటు ఒక వోచర్ ఇస్తామంటున్నారనీ, దానితో సరిపెట్టుకోవాలా అనీ అడిగారు.

అక్కర్లేదు. రాని ప్రయాణికుల సీట్లు ఖాళీగా పోకుండా కొన్ని టికెట్లు ఎక్కువ అమ్ముకోవడం మన దేశంలో నిషిద్ధం కాదు. కానీ ఆ లెక్క తప్పినప్పుడు ఏమి చేయాలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ముందుగా విమాన సంస్థ, ప్రతిఫలం తీసుకుని సీటు వదులుకునేవారు ఎవరైనా ఉన్నారేమో అడగాలి. ఎవరూ ముందుకు రాక, ఖరారైన టికెట్‌తో వేళకు వచ్చిన మనిషిని ఆపితే, అసలు సమయం నుంచి గంటలోపు మరో విమానం ఎక్కిస్తే పరిహారం ఉండదు. 24 గంటలలోపు ఎక్కిస్తే ఒకవైపు మూల ఛార్జీకీ ఇంధన ఛార్జీకీ కలిపి రెండింతలు, 10,000 రూపాయలకు మించకుండా ఇవ్వాలి. ఆ గడువు దాటితే నాలుగింతలు, 20,000కు మించకుండా ఇవ్వాలి. వేరే విమానమే వద్దంటే టికెట్ డబ్బు వాపసుతో పాటు ఈ నాలుగింతల పరిహారమూ వస్తుంది. 2016 ఆగస్టు 1 నుంచి ఇవే మొత్తాలు. లెక్క టికెట్ మొత్తం ధర మీద కాదు కాబట్టి ఛార్జీ వివరాలు చూసుకోండి: మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిసి 3,500 అయితే, మర్నాటి ఉదయం విమానానికి మీ నాన్నగారికి రావలసింది 7,000.

ఈ అంకెలన్నీ తెలిసి కూడా మా అమ్మ విషయంలో నేను పోరాడవలసి వచ్చింది వేరే చోట. హైదరాబాద్ వెళ్లే రాత్రి విమానానికి ఆమెకిచ్చిన బోర్డింగ్ పాస్‌లో సీటు నంబరు ఉండవలసిన చోట ఎస్‌బీవై (స్టాండ్‌బై, అంటే సీటు ఇంకా ఖరారు కాలేదని) అని ఉంది; "గేటు దగ్గర సీటు ఇస్తారండీ" అన్నారు. గేటు దగ్గర సీటు లేదన్నారు. అప్పటికి గోదావరి ఎక్స్‌ప్రెస్ కూడా వెళ్లిపోయింది. ఉదయం విమానానికి టికెట్ మారుస్తామంటూ సంతకానికి ఒక ఫారం ముందు పెట్టారు. అందులో కారణం దగ్గర ప్రయాణికురాలు ఆలస్యంగా వచ్చినట్టు అప్పటికే టిక్కు పెట్టి ఉంది. ఆలస్యంగా వచ్చినవారికి పరిహారం ఒక్క రూపాయి కూడా రాదు. అసలు కిటుకు ఆ టిక్కులోనే ఉంది. దాన్ని కొట్టేసి, సీట్లు లేక ఆపినట్టు రాసి, మేనేజరు సంతకం చేసేదాకా అమ్మ చేత సంతకం పెట్టించలేదు. అయినా ఆ తర్వాత సంస్థ నుంచి వచ్చిన మెయిల్‌లో ఆమె గేటుకే రాలేదని ఉంది! ఎస్‌బీవై పాస్, సరిచేయించిన ఫారం, లోపలికి వచ్చిన వేళ ముద్రించిన పార్కింగ్ చీటీ జతచేసి, పౌర విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టాక పరిహారం బ్యాంకు ఖాతాలో పడింది. ఇలా పరిహారం ఎగవేసినందుకే 2022 జూన్‌లో డీజీసీఏ ఒక విమాన సంస్థకు 10 లక్షల జరిమానా వేసిందన్న సంగతిని నా ఫిర్యాదులో ప్రస్తావించాను. అది ఎంత పని చేసిందో గాని, జవాబుల్లో మర్యాద మాత్రం పెరిగింది.

వోచర్ విషయానికొస్తే, పరిహారాన్ని నగదుగా గాని బ్యాంకు ద్వారా గాని ఇవ్వాలి. ప్రయాణికుడు ఒప్పుకుంటేనే వోచర్. ముందు విమాన సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాయండి, తర్వాత ఎయిర్‌సేవా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు, చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. వీటన్నిటికీ ముందు మీ నాన్నగారు కౌంటర్‌లో ఏదైనా సంతకం పెట్టారేమో అడగండి. పెట్టి ఉంటే ఆ కాగితం నకలును ఈరోజే మెయిల్‌లో కోరండి.