ఫొటోల్లో బాగున్న లేఅవుట్ మన బల్ల మీద ఎందుకు ఇమడదు?

ఇతరుల నమూనా రైలు లేఅవుట్లు (బల్ల మీద అమర్చే చిన్న రైలు మార్గాలు) చూసి పర్లాకిమిడిలో మీరు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల బల్ల మీద వేసిన నమూనా ఇరుకుగా కనిపించడానికి కారణం బహుశా స్కేలు తేడాయే గాని మీ పనితనం కాదు.

1. ఫొటోలోని లేఅవుట్ ఏ స్కేలుదో ముందుగా తెలుసుకోండి. ఎక్కువమంది వదిలేసే పని ఇదే. హెచ్‌ఓ స్కేలు (1:87, అంటే అసలు రైలులో 87వ వంతు)లో తరచుగా వాడే 18 అంగుళాల వ్యాసార్ధపు పట్టాల వంపుతో పూర్తి చుట్టు తిప్పాలంటే మూడడుగులకు మించిన వెడల్పు కావాలి. ఎన్ స్కేలు (1:160)లో 9¾ అంగుళాల వంపు మీ రెండడుగుల్లోనే ఇముడుతుంది.

2. ఆ తరువాత ప్లాట్‌ఫారం ఎన్ని రైలు పెట్టెల పొడవుందో లెక్కపెట్టి, మీ స్కేలులోని పెట్టె పొడవుతో గుణించండి. సుమారు 21 మీటర్ల మన ఐసీఎఫ్ (చెన్నైలోని పెట్టెల కర్మాగారం) పెట్టె హెచ్‌ఓలో దాదాపు 24 సెంటీమీటర్లు, ఎన్‌లో 13 సెంటీమీటర్లు ఉంటుంది. గీత గీయకముందే ఏది పడుతుందో, ఏది పట్టదో తేలిపోతుంది.

3. ఒక్కొక్కరి లేఅవుట్ నుంచి ఒక్క అంశమే తీసుకోండి.

హెచ్‌ఓనే కావాలనుకుంటే, మీ ఊరికి 1900లో వచ్చిన నౌపడా లైను నారోగేజీ (పట్టాల మధ్య దూరం తక్కువగా ఉండే) రూపాన్ని ఎంచుకోమని గట్టిగా చెబుతాను; ఆ 762 మిల్లీమీటర్ల గేజీకి ఈ స్కేలులో 9 మిల్లీమీటర్ల ఎడం గల పట్టాలు సరిపోతాయి, పొట్టి పెట్టెలు చిన్న వంపుల్లోనూ సాఫీగా తిరుగుతాయి.