హాస్టలా, వెయ్యి రియాళ్ల అలవెన్సా?

ప్రశ్న: నా వయసు 29. మాది మైదుకూరు. కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. జీతం 24,000. పెళ్లి కాలేదు. ఒక్కదానికే ఇల్లు ఎవరూ అద్దెకివ్వక లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. ఇప్పుడు రియాద్‌లో ఒక ఆసుపత్రి నుంచి రెండేళ్ల కాంట్రాక్టు వచ్చింది. బేసిక్ 4,000 రియాళ్లు. వాళ్ల హాస్టల్లో ఉంటే వసతి ఉచితం, వద్దంటే నెలకు 1,000 రియాళ్లు ఇస్తారట. అక్కడే ఉంటున్న మా ఊరి అక్క ఒకామె తన ఫ్లాట్‌లో బెడ్ స్పేస్ (గదిలో ఒక మంచం చోటు) 500కే ఇస్తానంటోంది. నాన్న ఆపరేషన్‌కు తెచ్చిన 4 లక్షల అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీతో నడుస్తోంది. డబ్బంతా తన అకౌంటుకే పంపమని, ఇల్లు కడదామని అమ్మ అంటోంది. అక్కడ ఒంటరి ఆడవాళ్లు ఎలా బతుకుతారో తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మొదటి ఏడాది హాస్టల్లోనే ఉండండమ్మా. కారణాలు చెబుతాను. కానీ ముందు మీ భయం గురించి రెండు మాటలు.

సౌదీ గురించి మన జిల్లాలో వినబడే కథలు చాలావరకు పదిహేను, ఇరవై ఏళ్ల కిందటివి. 2018 జూన్ నుంచి అక్కడ ఆడవాళ్లు కారు నడుపుతున్నారు. 2019 అక్టోబరు నుంచి ఒంటరి మహిళ తన గుర్తింపు కార్డు చూపించి హోటల్లో గది తీసుకోవచ్చు. అదే ఏడాది డిసెంబరులో, రెస్టారెంట్లకు మగవాళ్లకొక తలుపు, కుటుంబాలకొక తలుపు తప్పనిసరిగా ఉండాలన్న నిబంధన తీసేశారు. 2021లో వచ్చిన మార్పుతో పెద్దల అనుమతి లేకుండానే ఆడవాళ్లు విడిగా ఇల్లు తీసుకుని ఉండొచ్చు. రియాద్ మెట్రో 2024 డిసెంబరులో మొదలైంది. ఆడవాళ్లు, పిల్లలున్నవాళ్లు కూర్చోడానికి అందులో ఫ్యామిలీ సెక్షన్ ఉంది, టికెట్ 4 రియాళ్లు.

చట్టం మారినంత తొందరగా ఇంటి ఓనర్లు మారరు. ఈ సంగతి మీకు నేను చెప్పాలా? కడపలో మీకు ఇల్లు ఇవ్వొద్దని ఏ చట్టం చెప్పింది? అక్కడా అంతే. చాలా బిల్డింగులు ఫ్యామిలీలకని, ఒంటరివాళ్లకని విడివిడిగా ఉంటాయి. ఒంటరి మగవాళ్ల బిల్డింగులో మీరు ఉండలేరు, ఫ్యామిలీ బిల్డింగు ఓనరు మీతో పాటు ఎవరున్నారని అడుగుతాడు. అందుకే మన ఆడపిల్లలు ఎక్కువమంది ఎవరో ఒకరి ఫ్లాట్‌లో సర్దుకుంటారు. మీ ఊరి అక్క చెబుతున్న బెడ్ స్పేస్ అలాంటిదే అనుకుంటున్నాను.

ఆ లెక్క చూద్దాం. 1,000 తీసుకుని 500 కడితే నెలకు 500 మిగులు. రియాల్ 23 రూపాయల చొప్పున రెండేళ్లకు 2,76,000. మీ అప్పులో సగానికి పైనే. మీ మనసు అటు లాగిందంటే తప్పేమీ లేదు. కానీ హాస్టల్ నుంచి ఆసుపత్రికి బస్సు ఉంటుంది, ఫ్లాట్ నుంచి ఉండదు. నెలకు 22 డ్యూటీలు, రానుపోను టాక్సీకి 30 రియాళ్లే అనుకున్నా 660 అయింది. మిగులు పోయి చేతి డబ్బు పడుతోంది. మెట్రో స్టేషన్ పక్కనే ఇల్లుంటే వేరే మాట.

డబ్బు కంటే నాకు ఎక్కువ బెంగ పెట్టే సంగతి ఇంకొకటుంది. సౌదీలో అద్దె ఒప్పందాలు ఈజార్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో రిజిస్టరవుతాయి. ఆ ఫ్లాట్ ఒప్పందం ఎవరి పేరున ఉంది? బెడ్లు అద్దెకిస్తున్నట్టు ఓనరుకు తెలుసా? తెలియకుండా ఇచ్చి ఉంటే, ఒకరోజు ఆయన వచ్చి ఖాళీ చేయమంటే మీ చేతిలో ఒక్క కాగితం ఉండదు. రాత్రికి రాత్రి పెట్టె సర్దుకుని ఎక్కడికి పోతారు? ఆ ఫ్లాట్‌లో ఇంకెవరెవరు ఉంటున్నారో కూడా అడగండి. భార్యాభర్తలు ఒక గదిలో ఉండి రెండో గది అద్దెకిచ్చే ఇళ్లు చాలానే ఉంటాయి. బంధుత్వం లేని మగమనిషి ఉన్న ఇంట్లో మీరుంటే, ఏదైనా గొడవ వచ్చిన రోజు ముందు ఇబ్బంది పడేది మీరే. ఆ అక్క మంచిదే కావచ్చు. ఆమె మంచితనానికీ ఆ ఇంటి కాగితాలకీ సంబంధం లేదు.

హాస్టల్ అంటే అన్నీ భద్రమనీ అనుకోవద్దు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో అగ్నిప్రమాదం జరిగి నలభై మందికి పైగా మనవాళ్లు చనిపోయారు. అది కంపెనీ ఇచ్చిన వసతే. అందుకని సంతకానికి ముందు ఆసుపత్రి హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి: గదికి ఎంతమంది, రెండో మెట్ల దారి ఉందా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, సెలవు రోజు బయటికి వెళ్లాలంటే ఎవరిని అడగాలి, వంటగది ఉందా, బస్సు ఏ వేళల్లో తిరుగుతుంది. ఫోన్‌లో చెప్పిన జవాబు లెక్కలోకి రాదు, మెయిల్లోనే తీసుకోండి. ఏడాది తర్వాత కావాలంటే అలవెన్సుకు మారొచ్చన్న మాట కూడా రాయించుకోండి. అప్పటికి మీకు ఊరు తెలుస్తుంది, తోటి నర్సులు తెలుస్తారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి, మీ పేరున ఒప్పందంతో ఇల్లు తీసుకోవచ్చు. అద్దె ఆరు నెలలకో ఏడాదికో ముందుగానే కట్టమంటారు, బ్రోకర్ కమిషన్ మామూలుగా 2.5 శాతం. ఆ డబ్బు చేతిలో ఉన్నప్పుడే ఆ ఆలోచన.

ఇక అందరూ చిన్న విషయంగా తీసేసేది, నేను చాలా పెద్దదిగా చూసేది ఒకటుంది. అక్కడ మీ రోజులు ఎలా గడుస్తాయన్నది. కొన్నేళ్ల కింద ఒక నర్సు గల్ఫ్ నుంచి తిరిగొచ్చి, ఎర్రముక్కపల్లిలోని నా ఆఫీసుకు పద్దుల పుస్తకం పట్టుకుని వచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. పాలు 6, బ్రెడ్డు 3, ఫోన్ రీచార్జి 30, అన్నీ రాసి పెట్టుకుంది. పేజీలు తిప్పుతుంటే ఒకే వరుస మళ్లీ మళ్లీ కనిపించింది: ‘శుక్రవారం – 0’. వరుసగా పదకొండు శుక్రవారాలు. సెలవు రోజున ఆ పిల్ల గది దాటి బయటికి రాలేదన్నమాట. అడిగితే, పైసా పైసా ఇంటికి పంపాలనుకున్నానండీ అంది. నిద్ర కరువైంది, తిండి తగ్గింది, ఉన్నట్టుండి ఏడుపొచ్చేది. పద్నాలుగో నెలలో రాజీనామా పెట్టి వచ్చేసింది. తిరుగు టికెట్ సొంత డబ్బుతోనే కొనుక్కుంది. ఆ పుస్తకాన్ని ఆమె పొదుపు అనుకుంది. నాకు మాత్రం చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

ఇందులో మీకు పనికొచ్చే లెక్క ఉంది. సౌదీ కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం చొప్పున సర్వీసు ముగింపు డబ్బు వస్తుంది. రెండేళ్ల కాంట్రాక్టు పూర్తి చేస్తే బేసిక్ మీదే చూసినా మీకు 4,000 రియాళ్లు, అంటే 92,000 రూపాయలు. రెండేళ్లు నిండకుండా రాజీనామా చేస్తే అందులో ఒక్క రియాల్ రాదు. గడువున్న కాంట్రాక్టును మధ్యలో వదిలేస్తే పరిహారం కట్టమనే హక్కు కూడా ఆసుపత్రికి ఉంటుంది. నెలకు 350 రియాళ్లు మీ కోసం ఖర్చు పెట్టుకుని రెండేళ్లు నిలబడటం, ఏమీ ఖర్చు పెట్టకుండా పద్నాలుగు నెలలకు కుప్పకూలడం కంటే లాభం.

కాబట్టి మీ బడ్జెట్ నేను ఇలా వేస్తాను. తిండికి 500, ఫోను, సబ్బులు, చిల్లరకు 150, నెలలోని శుక్రవారాలన్నిటికీ కలిపి 350. మొత్తం 1,000. ఆ 350 ఎవరికీ పంపకూడదు, పొదుపు కూడా చేయకూడదు. స్నేహితురాళ్లతో మెట్రో ఎక్కి ఒక మాల్‌కు వెళ్లండి, సినిమా చూడండి, బొరుగులు, పచ్చిమిర్చి కొనుక్కొచ్చి ఆ పూట ఉగ్గాని చేసుకుని తినండి. రియాద్‌లో తెలుగు సంఘాలున్నాయి, ఉగాదికి, సంక్రాంతికి కలుసుకుంటారు. మొదటి నెలలోనే వెళ్లి నలుగురి ముఖాలు చూసి రండి. బట్టల విషయంలో, ఫోటోలు తీసి పెట్టే విషయంలో అక్కడి పద్ధతి పాటించండి. ఎక్కడికి వెళ్తున్నారో ఒక స్నేహితురాలికి లొకేషన్ పంపండి.

మిగిలిన 3,000 రియాళ్లు మన డబ్బుల్లో 69,000. ఇందులో 45,000 ముందు అప్పుకే. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం, మీకు అంత రాబడి ఎక్కడా రాదు. వడ్డీతో కలిపి పది నెలల్లో తీరిపోతుంది. కట్టిన ప్రతిసారీ రసీదో, ప్రోనోటు వెనక జమ రాతో తీసుకోమని అమ్మకు చెప్పండి. అమ్మకు ఇంటి ఖర్చుకు 12,000. మిగిలిన 12,000, అంటే 520 రియాళ్లు, మొదటి ఆరు నెలలు అక్కడి మీ బ్యాంకులోనే ఉంచండి. 3,000 రియాళ్లు దాటాక ఆ డబ్బు ఇక ముట్టుకోవద్దు. రేపు ఏ ఇబ్బంది వచ్చినా టికెట్ కొనుక్కుని వచ్చేయడానికి, లేదా రాత్రికి రాత్రి హోటల్లో గది తీసుకోవడానికి అది మీ ధైర్యం.

అమ్మ అకౌంటు సంగతి. అమ్మ మీద అనుమానంతో చెప్పడం లేదు, కానీ మీ సంపాదన మీ పేరునే ఉండాలి. వెళ్లగానే ఎన్ఆర్ఈ ఖాతా (విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి సంపాదన ఇక్కడ దాచుకునే ఖాతా) తెరవండి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఇప్పుడున్న సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి డబ్బుకు వాడే ఖాతాగా) మార్పించుకోవాలి. పదకొండో నెల నుంచి ఆ 45,000 ఎన్ఆర్ఈలో వేసుకుంటూ పోతే, కాంట్రాక్టు ముగిసేసరికి 6 లక్షలు దాటుతుంది. ఇల్లు అప్పుడు మాట్లాడుకుందాం. స్థలం కొన్నా మీ పేరున కొనండి. చేను మాత్రం కుదరదు, విదేశాల్లో ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు. హాస్టల్లో రూమ్మేట్లు చీటీ వేద్దామంటే దండం పెట్టి తప్పుకోండి. మీ ఇకామా (అక్కడి నివాస అనుమతి కార్డు), సిమ్ము, బ్యాంకు కార్డు ఎవరి అవసరానికీ ఇవ్వవద్దు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి, యజమాని దాన్ని తీసి పెట్టుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం.

ఏజెంటు ఎవరో మీరు రాయలేదు. పేరు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడండి. ఫీజు 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి అడిగితే అక్కడే ఆగండి. విదేశీ ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌లోనూ ఒకసారి కనుక్కోండి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలే, 10 లక్షల ప్రమాద బీమా. అది లేకుండా విమానం ఎక్కొద్దు.

కాంట్రాక్టు అరబిక్ కాపీ కూడా తెప్పించుకోండి. తేడా వస్తే అక్కడ అరబిక్‌లో ఉన్నదే చెల్లుతుంది. హెచ్ఆర్ జవాబులు వచ్చాక, సంతకానికి ముందు ఒకరోజు ఆఫీసుకు రండి. అమ్మను కూడా పిలుచుకుని రండి. శుక్రవారం 350 ఎందుకో ఆమెకు నేను చెబుతాను.