ఏబీసీడీలు వచ్చు, దాహమని చెప్పడం రాదు

ప్రశ్న: మా బాబుకు ఇరవై ఆరు నెలలు. మేము బెంగళూరులో ఉంటున్నాం, ఇద్దరివీ ఉద్యోగాలు. పగలంతా మా అత్తగారు చూసుకుంటారు. ఫోనులో పాటలు చూసి ఏబీసీడీలు జడ్ దాకా, అంకెలు ఇరవై దాకా ఇంగ్లీషులో గడగడా అప్పజెబుతాడు. కానీ నన్ను ‘అమ్మా’ అని పిలవడు. దాహమైతే నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కువెళ్ళి ఫిల్టరు మీద పెడతాడు. తాత, బువ్వ, టాటా, కాకిని చూస్తే ‘కా కా’, ఇలా పది మాటలు ఉంటాయేమో. పుట్టినప్పుడు కామెర్లు వచ్చి లైట్ల కింద పెట్టారు. అప్పుడే వినికిడి పరీక్ష చేసి బాగుందన్నారు. వెనక గిన్నె పడితే ఉలిక్కిపడి చూస్తాడు కూడా. వాళ్ళ నాన్నకూ మూడేళ్ళకే మాటలు వచ్చాయని, వస పోస్తే సరిపోతుందని అత్తగారు అంటారు. ప్లేస్కూలు వారేమో ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమంటున్నారు. ఇంకొన్నాళ్ళు ఆగమంటారా?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: ఆగవద్దమ్మా. భయపడవలసిన పని లేదు గానీ, మూడో పుట్టినరోజు దాకా చూద్దామనే మాట మాత్రం పక్కన పెట్టేయండి.

రెండేళ్ళు నిండేసరికి పిల్లలకు కనీసం యాభై మాటలు ఉండాలి. ‘పాలు కావాలి’, ‘తాత లేడు’ అన్నట్టు రెండేసి మాటలు కలపాలి. ఇవి లేని బిడ్డను పరీక్షించి చూడాలన్నది స్పీచ్ థెరపిస్టులందరం పాటించే హద్దు. కాకిని చూసి ‘కా కా’ అన్నా అది మాటే. నీళ్ళను రోజూ ‘బబ్బ’ అంటున్నా మాటే, పలుకు తప్పయినా ఫరవాలేదు. ఏబీసీడీలు మాత్రం ఈ లెక్కలోకి రావు. జడ్ దాకా చెప్పినా వాడు వాటితో ఎవరినీ ఏమీ అడగడం లేదు కదా!

మొదట చెవుల సంగతి తేల్చుకోండి. గిన్నె చప్పుడుకు తిరిగి చూశాడు కాబట్టి బాగానే వినిపిస్తోందని నా గదికి వచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది అంటారు. గిన్నె చప్పుడు వినికిడి కొంత తగ్గిన పిల్లలకు కూడా వినిపిస్తుంది. స, ష, ఫ లాంటి సన్నని ధ్వనులు వినిపిస్తున్నాయా, జలుబు చేసి కర్ణభేరి వెనక నీరు చేరి మాట మసకబారుతోందా అన్నది ఆ చప్పుడుతో తెలియదు. పుట్టినప్పుడు చేసింది బహుశా ఓఏఈ పరీక్ష అయి ఉంటుంది. అది లోపలి చెవి పనితీరు చెబుతుంది, అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే నరం గురించి చెప్పదు. లైట్లతో తగ్గిపోయే మామూలు కామెర్లు చాలామంది పిల్లలకు ఏ హానీ చెయ్యవు. రక్తం మార్చవలసినంత తీవ్రంగా వచ్చినవి మాత్రం ఆ నరాన్ని దెబ్బతీయవచ్చు. కనుక ఆసుపత్రి డిశ్చార్జి కాగితం వెతికి తీసి, కామెర్ల తీవ్రత చెప్పే బిలిరుబిన్ ఎంత ఉందో ఆడియాలజిస్టుకు, అంటే వినికిడి నిపుణులకు, చూపించండి. ఆ నరం పనితీరు చూసే బెరా పరీక్ష కూడా చెయ్యాలా అని అడగండి. అది నిద్రలో చేసేది, నొప్పి ఉండదు. పొద్దున త్వరగా లేపి, ఆటోలో నిద్రపోనివ్వకుండా తీసుకువెళ్ళండి. లేకపోతే అక్కడికి వెళ్ళాక వాడు ఆడుకుంటాడు, మీరు ఉసూరుమంటూ తిరిగి వస్తారు.

మీ ఉత్తరంలో నేను రెండోసారి చదివిన వాక్యం ఫిల్టరుది. చెయ్యి పట్టుకుని లాక్కువెళ్ళడం చాలామంది పిల్లలు చేసేదే. అలా లాగేటప్పుడు మీ ముఖంలోకి చూస్తాడా, లేక చెయ్యి ఒక్కటే అవసరమన్నట్టు ఉంటాడా? కుక్క కనిపిస్తే వేలితో చూపించి, మీరూ చూశారా లేదా అని మీ వైపు తిరుగుతాడా? పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడా? ‘చెప్పులు తీసుకురా’ అని చేత్తో చూపించకుండా చెబితే తెస్తాడా? ఇవన్నీ చేస్తుంటే సగం ధైర్యం మీ దగ్గరే ఉంది. అర్థం చేసుకుంటూ, సైగలతో చెప్పుకొనే పిల్లల్లో చాలామంది తర్వాత తోటివారిని అందుకుంటారు. చెయ్యకపోతే ఆటిజం ఉందేమో చూడమని పిల్లల డాక్టరును మీరే అడగండి. ఎం-చాట్ అని ఇరవై ప్రశ్నల పట్టిక ఉంది, పదహారు నుంచి ముప్ఫై నెలల పిల్లలకు వాడతారు. ఇంకా చూడాలా వద్దా అన్నంత వరకే దాని పని. అందులో తేడా వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమైనట్టు కాదు.

ఫోను సంగతి మీకు తెలియక కాదు. రెండేళ్ళ లోపు అసలు వద్దని, ఆ తర్వాత ఐదేళ్ళ దాకా రోజుకు గంట దాటవద్దని మన దేశంలో పిల్లల వైద్యుల సంఘమే చెప్పింది. తాతయ్యతో వీడియో కాల్ ఈ లెక్కలోకి రాదు, అక్కడ మనిషి తిరిగి పలుకుతాడు. అరవై దాటిన మీ అత్తగారు పరుగెత్తే పిల్లాడికి ఒంటి చేత్తో అన్నం పెట్టాలంటే ఫోను ఇవ్వక ఏం చేస్తారని అడిగితే నా దగ్గరా గొప్ప జవాబేమీ లేదు. తిండి వేళ మాత్రం తీసేయండి, అది మాటలు పుట్టే వేళ.

ఇంట్లో మీరు చెయ్యవలసింది ఒకటుంది. ‘ఇది ఏమిటి? అది ఏ రంగు? అత్తకు చెప్పు’ అని పరీక్షలు పెట్టడం మానండి. సాయంత్రం వచ్చాక ఒలవని అరటిపండు వాడి చేతికి ఇవ్వండి. కాసేపు పీకి, కొరికి, చివరికి మీ చేతిలోనే పెడతాడు. వాడి కళ్ళకు ఎదురుగా కింద కూర్చుని, పండు పట్టుకుని ఊరికే ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి, ఆ పది చాలా పొడవుగా అనిపిస్తుంది. వాడు చూసినా, ‘ఊఁ’ అన్నా ‘ఒలువు! అమ్మా, ఒలువు!’ అని వాడు అనవలసిన మాట మీరే అని, ఒక్క తొక్క లాగి మళ్ళీ ఆగండి. ఒక పండుకు నాలుగైదుసార్లు అవకాశం దొరుకుతుంది. అంటేనే ఇస్తానని పంతం మాత్రం పట్టకండి, ఆకలి మీద చదువు చెప్పకూడదు. నీళ్ళ దగ్గరా అంతే, గ్లాసు అడుగున రెండు గుక్కలు పోసి చూడండి.

మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. తండ్రికి ఆలస్యమైతే కొడుక్కూ కావచ్చు, వంశంలో నడిచే మాట నిజమే. అది డాక్టరుకు చెప్పవలసిన వివరం, ఇంట్లో కూర్చోవడానికి కారణం కాదు. వస మాత్రం వద్దు. అందులోని బీటా అసరోన్ అనే పదార్థం మంచిది కాదని అమెరికాలో వసను తిండి పదార్థాల్లో కలపడం 1968లోనే నిషేధించారు. అరగదీసి నాలుకకు రాసేటప్పుడు మోతాదు ఎవరి వేలును బట్టి వారిదే. వాంతులు అయితే బెరా ఖర్చుకు తోడు సెలైను ఖర్చు. నాలుక కింద తీగ కోయించాలని రేపు ఎవరైనా చెబుతారు, దానికీ తొందరపడకండి. తీగ బిగుతు వల్ల కొన్ని అక్షరాలు పలకడం కష్టం కావచ్చు గానీ, మాటలే పుట్టకుండా పోవు.

ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమన్న ప్లేస్కూలు వారి సలహా పక్కన పెట్టండి. తెలుగు, కన్నడం రెండూ వినడం వల్ల మాట ఆలస్యం కాదు. పరీక్షలో మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలిపే లెక్కిస్తాం. మీకు కోపం వచ్చినా, ముద్దు వచ్చినా ఏ భాష వస్తుందో అదే మాట్లాడండి.

ఎక్కడ చూపించాలంటారా? బెంగళూరులో నిమ్హాన్స్‌లో స్పీచ్ పాథాలజీ విభాగం ఉంది. మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, వినికిడీ మాటా రెండూ అక్కడే చూస్తారు. సొంతవూరికి వచ్చినప్పుడైతే జిల్లా ఆసుపత్రిలో బాలల సత్వర చికిత్సా కేంద్రం ఎక్కడని అడగండి, డీఈఐసీ అన్నా తెలుస్తుంది. అక్కడ డబ్బు తీసుకోరు. ప్రైవేటు థెరపిస్టు దగ్గరికి వెళితే ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, రిజిస్ట్రేషన్ ఉందేమో చూడండి. మిమ్మల్ని బయట కూర్చోబెట్టి తలుపు వేసుకునే చోట చేర్చకండి. వాడు వారంలో ఒకటి రెండు గంటలు అక్కడ ఉంటాడు, మిగిలినవన్నీ మీ దగ్గరే కనుక ఆ గదిలో ఏం చేస్తున్నారో మీరు చూసి నేర్చుకోవాలి. వీలైతే మీ అత్తగారిని కూడా తీసుకువెళ్ళండి.