తొంభై నాలుగో నిమిషం గొడవ

చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసింది. రూమ్‌లో నువ్వూ, ఆ గోల్‌కీపర్ ఫ్రెండూ మాటలు మానేశారట. ఒకడు వండితే ఇంకొకడు బయట తిని వస్తున్నాడట. కారణం అడిగితే "ఏదో ఫుట్‌బాల్ మ్యాచ్ అన్నయ్యా" అంది. ఆ మ్యాచ్ ఏదో నాకు వెంటనే అర్థమైంది. ఆ రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. నాలుగు నిమిషాల మెసేజ్‌లో మూడు నిమిషాలు తిట్లే.

2025 జూన్ 10, హాంకాంగ్‌లో కై తక్ స్టేడియం, హాంకాంగ్ జట్టుతో ఇండియా ఆడిన ఆసియా కప్ క్వాలిఫయర్, అంటే ఆ టోర్నీకి అర్హత తేల్చే మ్యాచ్. తొంభై నిమిషాలూ 0-0. ఇంజురీ టైమ్‌లో మన గోల్ ముందున్న పెనాల్టీ బాక్స్‌లోకి బంతి గాల్లో వచ్చింది. దాన్ని గుద్దడానికి మన కీపర్ విశాల్ కైత్ ముందుకొచ్చాడు, బంతి అందలేదు, ఎదుటివాడు దొరికాడు. పెనాల్టీ. హాంకాంగ్ ఆటగాడు స్టెఫాన్ పెరీరా గోల్ కొట్టాడు. తేరుకుని ఆడటానికి టైమే మిగల్లేదు. కైత్ ముంచాడని నువ్వు. కీపర్‌ని ఒక్క మాట అంటే ఊరుకోను, తప్పంతా కోచ్ మనోలో మార్కెజ్‌దే అని నీ ఫ్రెండు. అక్టోబర్‌లో మడ్గావ్‌లో సింగపూర్ చేతిలో ఓడి ఆసియా కప్ దారే మూసుకుపోయాక ఆ పాత నిప్పు మళ్లీ రాజుకుందట.

"ఎవరు కరెక్టో నువ్వే చెప్పు మామయ్యా" అన్నావు మెసేజ్ చివర్లో. దానికంటే ముందు ఇలాంటి మ్యాచ్ గురించి ఎలా పోట్లాడాలో చెప్తాను. లాల్ బహదూర్ స్టేడియం మెట్ల మీద, తర్వాత ఇరానీ హోటళ్లలో నేను పోట్లాడినన్ని పోట్లాటలు నువ్వింకా చూడలేదు. సగం వాటిలో నాది తప్పని ఇంటికొచ్చాక తెలిసేది.

నేను ఆఫీసు టీమ్‌లో రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్‌గా ఆడేవాణ్ణని నీకు తెలుసు. ఈ సంగతి మాత్రం మీ అమ్మకి కూడా తెలియదు. ఒకసారి లీగ్‌లో సెమీఫైనల్. స్కోరు 0-0. ఆట ఇంకో మూడు నాలుగు నిమిషాలుంటుందేమో. నేను కీపర్‌కి వెనక్కిచ్చిన బంతి మధ్యలోనే ఆగిపోయింది. ఎదుటి ఫార్వర్డ్ దాన్ని అందుకుని గోల్ కొట్టేశాడు. అంతే, ఓడిపోయాం. వారం రోజులు ఆఫీసులో టీ టైమ్‌కి నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. డబ్బు తిన్నాడని కూడా అన్నారు. చివరికి మా కోచే వచ్చి పక్కన కూర్చున్నాడు. "నీ పిక్క పట్టేసిందని పదిహేను నిమిషాల ముందే చూశాను. తీసేద్దామంటే బెంచీ మీద ఇంకో బ్యాక్ లేడు. అప్పటికే ఒకణ్ణి మార్చేశాను, రెండో మార్పు దాచుకున్నాను" అన్నాడు. అప్పట్లో ఇద్దరినే మార్చనిచ్చేవారు. నేను కూడా నిజం ఒప్పుకున్నాను. పిక్క పట్టేసిన సంగతి కావాలనే దాచాను, తీసేస్తాడని భయపడి. ఇప్పుడు చెప్పు, ఆ గోల్ ఎవరి ఖాతాలో వేస్తావు? మెట్ల మీద కూర్చుని తిట్టినవాళ్లు చూసింది ఆ ఒక్క పాస్. దాని వెనకున్న పదిహేను నిమిషాలు చూసింది కోచ్ ఒక్కడే.

అందుకే ముందుగా చెప్పేది, మ్యాచ్‌ని వెనక్కి తిప్పు. చివరి నిమిషంలో ఏం జరిగిందో కాసేపు పక్కన పెట్టి, డెబ్బయ్యో నిమిషం నుంచి మళ్లీ చూడు. కామెంటరీ సౌండ్ తీసేసి చూడు, ఎందుకంటే కామెంటరీ నీ కళ్లని బంతి చుట్టూనే తిప్పుతుంది. బంతి లేనివాళ్లని చూడు. ఎవడు నడుస్తున్నాడు, ఎవడు నడుం మీద చేతులేసుకున్నాడు, వెనక లైన్ ఎంత లోపలికి జరిగిపోయింది. హాంకాంగ్ మ్యాచ్‌నైతే ఇంకా వెనక్కి, మొదటి సగానికి తీసుకెళ్లు. ఆషిక్ కురుణియన్‌కి ఎంత తేలికైన అవకాశం వచ్చిందో, ఎలా బయటికి కొట్టాడో గుర్తుందా? అది లోపలికి వెళ్లుంటే ఆ పెనాల్టీతో 1-1 అయ్యేది, మనం ఒక పాయింటుతో ఇంటికొచ్చేవాళ్లం. ఆషిక్‌ని మాత్రం నీ మెసేజ్‌లో ఒక్క మాట కూడా అనలేదు. మొదటి సగంలో చేసిన తప్పుకు క్షమాపణ తేలికగా దొరుకుతుంది, అంతే తేడా.

2019 జనవరి 14న షార్జాలో బహ్రెయిన్‌తో కూడా ఇదే కథ. డ్రా చేసుకుంటే ఆసియా కప్ నాకౌట్‌కి వెళ్లిపోతాం. అప్పటికి వారం ముందే థాయిలాండ్‌ని 4-1తో కొట్టిన జట్టు మనది. తొంభయ్యో నిమిషం దాకా 0-0 కాపాడుకుని, బాక్స్‌లో ప్రణయ్ హల్దర్ ఫౌల్ చేశాడు. జమాల్ రషీద్ పెనాల్టీ కొట్టాడు, మనం గ్రూపులో ఆఖరున మిగిలాం. ఆ రాత్రే కోచ్ స్టీఫెన్ కాన్‌స్టంటైన్ రాజీనామా చెప్పేశాడు. ప్రణయ్ ఆ రోజు కెప్టెన్ కూడా, పాపం. దేశమంతా ఆ ఒక్క కాలునే తిట్టింది. నాకు మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఒకటే ప్రశ్న. డ్రా చాలనుకుని అంతసేపు మన బాక్స్ ముందే ఎందుకు నిలబడ్డాం? నీ బాక్స్‌లోకి బంతి ముప్పై సార్లు వస్తే ముప్పై ఒకటోసారి ఎవడో ఒకడి కాలు తగులుతుంది. ఆ కాలు ప్రణయ్‌దైంది.

దీన్ని తీసుకెళ్లి ఆటగాళ్లందరినీ వెనకేసుకు రావడానికి వాడకు. నీ ఫ్రెండు చేస్తున్న తప్పు అదే. లైన్ వదిలి ముందుకొచ్చిన కీపర్‌కి బంతి అందాలి. అందదనుకుంటే రాకూడదు. కైత్ రావాలనుకోవడం నాకు తప్పనిపించలేదు, వచ్చింది ఆలస్యంగా. ఆ మాట నీ ఫ్రెండు ముందు కూడా అంటాను. కీపర్ చేతిలో జరిగిన తప్పు వేరు, కోచ్ బుర్రలో జరిగిన తప్పు వేరు. రెండూ ఒకే మ్యాచ్‌లో ఉండొచ్చు. మీరిద్దరూ వాటిని ఒకే తక్కెడలో పెట్టి ఏది బరువో తూస్తున్నారు, అందుకే తెగట్లేదు.

ఇక కోచ్ సంగతి. నిర్ణయాన్ని స్కోరు చూసి తూచొద్దు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ ఏం చేశాడో మా నాన్న వందసార్లు చెప్పుంటాడు. జర్నైల్ సింగ్ డిఫెండర్. ఆ క్రీడల్లోనే తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్‌ని ఫైనల్లో మళ్లీ గోల్‌లో నిలబెట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఒక గోల్ పీకే బెనర్జీది, ఇంకోటి ఆ కుట్ల తలవాడిది. అదే మ్యాచ్ ఓడిపోయుంటే? కుట్లున్నవాణ్ణి ముందుకి పంపాడు, జ్వరం వాణ్ణి గోల్‌లో పెట్టాడు, ఈయన కోచా అనేవాళ్లు. నిర్ణయం మారలేదు, ఆ ఉదయం రహీం సాబ్‌కి తెలిసిన విషయాలూ మారవు. మారేది మన నోరే.

నీ నోరు కూడా మారింది, గుర్తు చేస్తాను. 2022 మార్చి 20, గోవాలో ఐఎస్‌ఎల్ ఫైనల్, హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. రాహుల్ కేపీ దూరం నుంచి కొట్టిన షాట్ మన కీపర్ కట్టిమణి చేతికి తగిలి కూడా లోపలికి వెళ్లిపోయింది. "వీడిని ఎవడు పెట్టాడు" అన్నావు, నా పక్కనే సోఫాలో కూర్చుని. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా 88వ నిమిషంలో సమం చేశాడు. పెనాల్టీల్లో అదే కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనదైంది. ఆ తవోరాని దించిన కోచ్ ఎవరు? మనోలో మార్కెజే. ఆ రాత్రి ఆయన్ని దేవుడన్నది నువ్వే. (ఇప్పుడా జట్టే మన ఊళ్లో లేదు, ఢిల్లీకి పోయింది. ఆ బాధ ఇంకో ఉత్తరానికి.)

దేవుడు మూడేళ్లలో దద్దమ్మ కాడు. ఆయన మీద గట్టి వాదన చేయాలనుంటే దానికి వేరే సరుకుంది. ఇండియా కోచ్‌గా ఎనిమిది మ్యాచ్‌లు, గెలుపు ఒక్కటి, అదీ మాల్దీవుల మీద. ఆ సీజనంతా ఎఫ్‌సీ గోవా పనీ, దేశం పనీ రెండూ చేశాడు. 2024 జూన్‌లో రిటైరైన స్ట్రైకర్ సునీల్ ఛెత్రిని 2025 మార్చిలో వెనక్కి పిలిపించారు. హాంకాంగ్‌లో ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి రెండో సగంలో దించడం నాకు తప్పుగా తోచలేదు. నలభై ఏళ్లవాడి మీద ఆశ పెట్టుకోవాల్సి రావడమే నాకు గుచ్చుకుంది. ఈ వాదన 94వ నిమిషంలో పెనాల్టీ రాకపోయినా నిలబడుతుంది. కోచ్ మీద నువ్వు చేసే ఏ వాదననైనా ఇలా పరీక్షించు: ఆ చివరి గోల్ చెరిపేసి చూడు. మాట ఇంకా నిలబడితే అది వాదన. పడిపోతే అది నీ కడుపుమంట.

అందుకే నేనొక పని చేస్తాను, నువ్వూ చెయ్యి. మ్యాచ్ చూసేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకుంటాను, క్యాలెండర్ చించిన ముక్క చాలు. డెబ్బయ్యో నిమిషంలో దాని మీద రాస్తాను, నేనైతే ఇప్పుడు ఎవరిని తీసి ఎవరిని దించుతానో. టైమ్ కూడా వేస్తాను. మ్యాచ్ అయ్యాక "నేనప్పుడే అనుకున్నా" అనాలంటే ఆ కాగితం చూపించాలి, లేకపోతే నోరు మూసుకోవాలి. మొదటి ఏడాది నాకు చాలా సిగ్గయింది. నేను అప్పుడే అనుకున్నవాటిలో చాలా వరకు అప్పుడు అనుకోనేలేదు.

కాగితం మీద "ఎవరిని దించాలి" అని మాత్రమే రాస్తే లెక్కలోకి రాదు. ఎవరిని తీసేస్తావో కూడా రాయాలి. "ఫలానావాణ్ణి ఎందుకు దించలేదు" అనడం తేలిక. అతని కోసం ఎవరిని బయటికి పిలుస్తావు, ఆ ఖాళీలో ఎవరు పరిగెత్తుతారు అనేసరికి హోటల్లో సగం గొంతులు ఆగిపోతాయి. మార్పులెన్ని మిగిలాయో కూడా లెక్కపెట్టు. షార్జాలో మన డిఫెండర్ అనస్ మొదటి నిమిషాల్లోనే గాయపడి బయటికెళ్లాడు. అప్పుడు మూడే మార్పులు, ఒకటి టీ చల్లారకముందే అయిపోయింది. ఇప్పుడు ఐదు మార్పులున్నా ఆట మధ్యలో మూడుసార్లు మాత్రమే ఆపనిస్తారు. 80వ నిమిషానికే మూడుసార్లూ వాడేసుకుంటే, తర్వాత ఎవడి పిక్క పట్టేసినా కోచ్ చూస్తూ నిలబడాల్సిందే.

బయటికి కనిపించని దెబ్బ అంటే గుర్తొచ్చింది. 2018లో కీవ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, లివర్‌పూల్ కీపర్ కారియస్. బంతిని తిన్నగా ఎదుటి జట్టు బెంజెమా కాలికి విసిరాడు, తర్వాత బేల్ షాట్‌ని చేతుల్లోంచి జారవిడిచాడు. ప్రపంచమంతా నవ్వింది. కొన్ని రోజుల తర్వాత బోస్టన్ డాక్టర్లు పరీక్ష చేసి, ఆ మ్యాచ్‌లో ఎదుటి డిఫెండర్ రామోస్ గుద్దినప్పుడే అతని మెదడుకు దెబ్బ తగిలి ఉండాలన్నారు. ఆ గోల్స్ వెనక్కి రావు, కొందరు ఆ మాట నమ్మనూ లేదు. నేనైతే అప్పట్నుంచి మ్యాచ్ అయిన రాత్రే ఎవరి మీదా తీర్పు చెప్పడం మానేశాను. తెల్లారి చెప్తాను. తెల్లారేసరికి సగం మాటలు నాకే అనవసరమనిపిస్తాయి.

తిట్ల గురించి ఒక్కటే చెప్తాను. "కీపర్ తప్పు చేశాడు" అను, ఎంత గట్టిగానైనా అను. "వాడు కీపరే కాదు" అన్న చోట నువ్వు ఆట వదిలేసి మనిషి మీద పడ్డావు. వాళ్ల ఊరూ, ఇంట్లోవాళ్లూ ఎత్తితే ఇక చెప్పేదేం లేదు, నీ ముందు నేను కూర్చోను. పైగా నీ ఎదురుగా కూర్చున్నవాడు కాలేజీ టీమ్‌కి గ్లవ్స్ వేసుకుంటాడని నువ్వే చెప్పావు. కైత్ గురించి నువ్వన్న ప్రతి మాటా వాడు తనకే తగిలించుకుని ఉంటాడు. ఏదో ఒక రోజు తనకీ చెయ్యి జారుతుందని ఏ కీపర్‌కైనా తెలుసు, నాలాగే. ఆ రోజు నువ్వేమంటావో వాడు ముందే వినేశాడు.

ఇంకోటి. అక్టోబర్ 9న సింగపూర్‌లో మన ఫార్వర్డ్ రహీం అలీ తొంభయ్యో నిమిషంలో సమం చేశాడని నువ్వు పంపిన బొమ్మలు ఎన్నో! ఆ గోల్ వచ్చింది వాళ్ల డిఫెండర్ వెనక్కి సరిగా ఇవ్వని బంతితో. నేను ఇచ్చినట్టే ఇచ్చాడు, పాపం. ఐదు రోజుల తర్వాత మడ్గావ్‌లో మనం ముందు గోల్ కొట్టి కూడా 2-1తో ఓడాం. అక్కడ చివరి నిమిషం తప్పూ లేదు, మనోలోనూ లేడు, కోచ్ ఖాలిద్ జమీల్. మరి ఆ ఓటమి మీద మీ ఇద్దరిలో ఎవరూ ఇంత పోట్లాడలేదేం?

ఈ ఆదివారం వాడిని కూర్చోబెట్టి హాంకాంగ్ మ్యాచ్ మళ్లీ పెట్టు. పెనాల్టీ దగ్గర మొదలుపెట్టకు. ఆషిక్ అవకాశం దగ్గర ఆపి, "ఇది పోయిందిరా" అను. అక్కడ మీ ఇద్దరికీ గొడవుండదు. డెబ్బయ్యో నిమిషంలో మళ్లీ ఆపి, చెరో కాగితం మీద ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయండి, తీసేవాడి పేరూ దించేవాడి పేరూ. రెండూ ఫోటో తీసి నాకు పంపు. నేను ఆ రోజు రాసుకున్న ముక్క ఇక్కడే ఉంది, మీవి వచ్చాకే బయట పెడతాను. ఆ రాత్రి వంట మాత్రం నువ్వే చెయ్యి, మీ అమ్మ ఊరికే టెన్షన్ పడుతోంది.

ఆశీస్సులతో,
మామయ్య